వేణక్క సంతకం పెట్టని జాబితా

కిందటి నెలలో ఒక సాయంత్రం మా పక్కింటి పెద్దావిడ మోకాళ్ళకు వాళ్ళ కోడలు నూనె మర్దన చేస్తుంటే ఆ వాసన మా వంటింట్లోకి వచ్చింది. గోరువెచ్చని నువ్వుల నూనెలో కర్పూరం బిళ్ళలు వేసి కరిగించిన వాసన. కర్పూరం అనగానే ఎవరికైనా గుడీ హారతీ గుర్తొస్తాయి. నాకు మాత్రం మా హైస్కూలు వెనకాల గ్రౌండు గుర్తొస్తుంది. అక్కడ గోలుపోస్టుకు వీపు ఆనించి, కుడికాలు బారచాపి, ప్యాంటు మోకాలి పైకి మడిచి, చిన్న సీసాలోని నూనె అరచేతిలో వంపుకుంటున్న సత్యవేణక్క గుర్తొస్తుంది. ఎడమ మోకాలి కంటే ఆమె కుడి మోకాలు ఎప్పుడూ కాస్త ఉబ్బి ఉండేది. రాసుకుంటున్నప్పుడు పళ్ళు బిగబట్టి దూరంగా చూసేది. మాకెవ్వరికీ ఆ పని ముట్టనిచ్చేది కాదు. ఆ రోజు నేను కిటికీ దగ్గరే నిలబడిపోయాను. పొయ్యి మీద వంకాయ కూర మాడిపోయింది.

వేణక్కను మీరెవరూ చూసి ఉండరు. ఆమె ఫోటో పేపర్లో పడితే నేను చూడలేదు. కొవ్వూరు అవతల విజ్జేశ్వరం లాకుల దగ్గర వాళ్ళ నాన్న లస్కరుగా చేసేవాడు. కాలువకు నీళ్ళు వదిలే తలుపులు ఎత్తడం, దించడం ఆయన పని. వేసవిలో గోదావరి సన్నబడి ఇసుక తిన్నెలు బయటపడితే లాకుల కాలనీ మగపిల్లలు అక్కడ బంతాడేవారు. ముగ్గురన్నల వెనకాల ఈమే నాలుగో ఆటగాడు. ఇసుకలో పరిగెత్తి పరిగెత్తి ఆ కాళ్ళు ఎలా తయారయ్యాయంటే, రాజమండ్రిలో ఒక డ్రిల్లు మాస్టారు ఆమె ఆట చూసి, వాళ్ళ నాన్నను బతిమాలి, సెలక్షన్లకు తీసుకెళ్ళాడట. పదహారేళ్ళకు రాష్ట్ర జట్టులో ఆడింది. ఇరవై నిండకుండానే కలకత్తాలో ఒక క్లబ్బు పిలిచింది. ఆడపిల్లలకు నెల జీతమిచ్చి ఫుట్‌బాల్ ఆడించేవాళ్ళు దేశంలో ఉన్నారని మా వైపు అప్పటికి ఎవరికీ తెలియదు. ఆమె ఏదో నర్సు ఉద్యోగానికి వెళ్ళిందని చాలామంది అనుకున్నారు. వాళ్ళ నాన్న కూడా ఆ మాటను దిద్దలేదు.

అయిదు సీజన్లు ఆడింది అక్కడ. ఒక గదిలో ఎనిమిదిమంది. చేపల పులుసులో చింతపండు వెయ్యరని మొదటి నెల ఏడ్చిందట, ఓడిపోయినప్పుడు మాత్రం ఏనాడూ ఏడవలేదట. మైదానం చుట్టూ జనం నిలబడి "వేణీ, వేణీ" అని కేకలు వేసేవారని ఒక్కసారే చెప్పింది, అదీ మేం నమ్మమేమో అన్నట్టు తలొంచుకుని. అయిదో ఏడు ఇండియా జట్టు క్యాంపుకు పిలుపు వచ్చింది. క్యాంపులో మోకాలు తిరిగింది. డాక్టరు లేడు. ఐసు పెట్టి గుడ్డ కట్టి, మర్నాడు ట్రయల్స్ మ్యాచ్ ఉంది, ఆడకపోతే పేరు పోతుందన్నారు. ఆడింది. రెండో సగంలో లోపల ఏదో తెగిన చప్పుడు తనకే వినపడిందట. క్లబ్బు వాళ్ళు రెండు నెలలు చూసి, తగ్గాక రమ్మని రైలెక్కించారు. తగ్గలేదు. తిరిగొచ్చి ఆటగాళ్ళ కోటాలో ఉద్యోగానికి దరఖాస్తు పెడితే వయసు దాటిపోయిందన్నారు.

"ఆడుతూ ఉంటే వయసు ఎప్పుడు దాటిందో తెలీలేదే," అంది నాతో ఒకసారి. అంతకుమించి ఆ సంగతి ఎత్తలేదు.

కొవ్వూరుకు నాలుగు మైళ్ళ దూరంలోని మా ఊరి హైస్కూలుకు ఆమె ఆటల కోచ్‌గా వచ్చేనాటికి నాకు పదమూడేళ్ళు. అది పర్మనెంటు ఉద్యోగం కాదు. జిల్లా ఫుట్‌బాల్ సంఘం వాళ్ళు ఏడాదికోసారి ఉత్తర్వు ఇస్తే ఆ ఏడాది ఉన్నట్టు. ఆడపిల్లలకు ఫుట్‌బాల్ నేర్పుతానంటే మా హెడ్మిస్ట్రెస్‌గారు నవ్వి, "ముందు పిల్లల్ని పోగెయ్యమ్మా, తర్వాత చూద్దాం," అన్నారు. అలా పోగేస్తూ మా ఇంటికి వచ్చింది. మాకు పన్నెండెకరాల వరి ఉండేది. నాన్నగారు అరుగు మీద కూర్చుని పేపరు చదువుతున్నారు. ఆమె మెట్టు దిగువనే నిలబడింది.

"మీ అమ్మాయిని ఆటకి పంపుతారాండి?"

"చదువుకునే పిల్ల కదమ్మా. పైగా ఆ నిక్కర్లవీ వేసుకుని..."

"మోకాళ్ళ కిందకి కుట్టిస్తానండి. టైలరు దగ్గర నేనే నిలబడతాను."

"సరే, ఆడి ఏం చేస్తుందమ్మా?"

"ఏమీ చెయ్యదండి. నేనూ ఏమీ చెయ్యలేదు. మొన్న మీ అమ్మాయి పరిగెత్తలేక రెండు బస్సులు వదిలేసిందండి, చూశాను. ఆ ఒక్కటీ మానుతుంది."

నాన్నగారికి నవ్వొచ్చింది. ఆ నవ్వే నాకు అనుమతి.

మొదటి వారం రోజులు బంతి ముట్టనివ్వలేదు. పడడం నేర్పింది. భుజం మీద ఎలా పడాలో, చేతులు ఎలా ముడుచుకోవాలో, వెంటనే ఎలా లేవాలో. ఇంటికొచ్చేసరికి జడల నిండా ఇసుక. మా అమ్మ తల దువ్వుతూ, "ఇదేం ఆటే, కోళ్ళు దుమ్ములో పొర్లాడినట్టు," అనేది. మాతో నాగమణి అనే పిల్ల ఉండేది. మా పొలంలో నాట్లకు వచ్చే మంగమ్మ కూతురు. నా క్లాసే అయినా బడిలో నన్ను "అమ్మాయిగారూ" అనే పిలిచేది. నేను పలికేదాన్ని, అందులో వింతేమీ కనిపించేది కాదు. ఒకరోజు ఆటలో బంతి నా కాళ్ళ దగ్గర ఉంటే, గోలు ముందు ఒంటరిగా ఉన్న నాగమణి, "అమ్మాయిగారూ, ఇటు ఇవ్వండి," అని పిలిచింది. వేణక్క ఈల ఊది ఆట ఆపేసింది.

"ఏమన్నావే?"

నాగమణి భయపడి మళ్ళీ చెప్పింది.

"నువ్వు అమ్మాయిగారూ అని, ఇవ్వండి అని, ఇంత పొడుగు మాట పూర్తి చేసేసరికి అవతలివాళ్ళు గోలు కొట్టి ఇంటికెళ్ళి అన్నం తింటారు. దాని పేరు పద్మజ. పద్మా అని అరువు."

నాగమణి నా వంక చూసింది. నేను నేల వంక చూశాను. చివరికి ఆ పిల్ల చిన్న గొంతుతో "పద్మా" అంది. "కాలువ అవతలికి వినపడాలి," అంది వేణక్క. పదిసార్లు అరిపించింది. పదోసారికి నాగమణి నవ్వేస్తోంది, నేనూ నవ్వుతున్నాను. ఆ మూడు నాలుగేళ్ళు గ్రౌండులో నాగమణి నన్ను అలాగే పిలిచింది. గేటు దాటగానే మళ్ళీ అమ్మాయిగారే.

నేను ఆడలేనిదాన్నేం కాదు. వెనక వరసలో ఎడమవైపు ఆడేదాన్ని, బంతి ఎటు వస్తుందో ముందే తెలిసేది. కానీ నాగమణి ఆట వేరు. వేణక్క తన కలకత్తా బూట్లు, ముందువైపు గుడ్డపీలికలు కుక్కి, ఆ పిల్లకు ఇచ్చేసింది. అవి వేసుకుని నాగమణి పరిగెడుతుంటే వేణక్క గీత బయట తానూ రెండడుగులు కుంటుతూ పరిగెత్తి ఆగిపోయేది. అలా ఆగినప్పుడు ఆ ముఖంలో ఉన్నది సంతోషమో బాధో నాకు ఆ వయసులో తెలియలేదు. నన్ను మెచ్చుకున్నది నాకు గుర్తున్నంతలో ఒక్కసారే. "నీకు బుర్ర ఉంది. దాన్ని మోసే పరుగు లేదు," అంది. ఆ మాట సగం వరకే నేను ఇంట్లో చెప్పాను.

మేం ఇంటర్‌లో చేరాక కూడా ఆటకు పాత బడి గ్రౌండుకే వచ్చేవాళ్ళం. ఆ ఏడు జాతీయ పోటీలకు వెళ్ళే రాష్ట్ర జట్టులో మా ప్రాంతానికి రెండు చోట్లు ఇచ్చారు. పేర్లు వేణక్క రాసివ్వాలి, జాబితా కింద కోచ్‌గా ఆమె సంతకం ఉండాలి. ఆమె నాగమణి పేరు, మా గోలుకీపరు పేరు రాసింది. నన్ను పిలిచి ముందే చెప్పింది కూడా: "నువ్వు మూడోదానివి. ఈ ఏడు లేదు. కాళ్ళు పెంచుకో." నేను ఇంటికొచ్చి అన్నం తినలేదు. అంతే, ఇంకేమీ చెయ్యలేదు. ఎవరినీ ఏమీ అడగలేదని చాలా ఏళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. కానీ అన్నం ఎందుకు తినలేదో నాన్నగారికి తెలుసు, ఆయనకు తెలుస్తుందని నాకూ తెలుసు.

మర్నాడు ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని రాజమండ్రి వెళ్ళారు. అక్కడే కాపురముండే జిల్లా సంఘం సెక్రటరీగారు మా ఊరి సహకార సంఘం ప్రెసిడెంటుగారికి బావమరిది. డబ్బు ప్రసక్తే రాలేదు. ఒక్క మాట సరిపోయింది. సాయంత్రం కండువా తీసి కుర్చీ మీద వేస్తూ నాన్నగారు, "నీ పేరు వేశారమ్మా," అన్నారు.

"ఎవరిది తీశారు నాన్నగారూ?"

"మంగమ్మ కూతురుది. ఆ పిల్ల ఆ సర్టిఫికెట్టు పెట్టుకుని ఏం చేస్తుందమ్మా? ఏడాది తిరిగితే పెళ్ళి చేసేస్తారు. నీకైతే రేపు ఉద్యోగానికి పనికొస్తుంది."

మా నాన్నగారు చెడ్డమనిషి కాదు. మంగమ్మకు జబ్బు చేస్తే ఆసుపత్రికి బండి కట్టించినాయన. ఆ మాటలో ఆయనకు తప్పేమీ కనిపించలేదు. నిజం చెప్పాలంటే ఆ సాయంత్రం నాకూ కనిపించలేదు. ఆ పూట అన్నం తిన్నాను.

రెండు రోజుల తర్వాత సెక్రటరీగారు స్కూటరు మీద గ్రౌండుకు వచ్చారు. టైపు చేసిన కాగితం వేణక్కకిచ్చి, పెన్ను మూత తీసి అందించారు. మేమంతా గోలుపోస్టు దగ్గర నిలబడి ఉన్నాం. నాగమణి నా పక్కనే ఉంది. ఆమెకు ఇంకా తెలియదు. వేణక్క కాగితం పై నుంచి కిందికి చదివింది.

"ఇది నేను రాసింది కాదండి."

"చిన్న మార్పేనమ్మా. పెట్టెయ్యి."

"పద్మజ ఇంకా అంత ఆట ఆడలేదండి. ఆ సంగతి దానికీ తెలుసు."

"ఆడేదెవరమ్మా? సగంమంది బెంచీ మీద కూర్చుని వచ్చేవాళ్ళే కదా."

"నాగమణి కూర్చుని వచ్చే పిల్ల కాదండి."

"నువ్వు పెట్టకపోతే ఇంకొకరు పెడతారు. నీ ఉత్తర్వు కూడా ఈ నెలాఖరుకి అయిపోతోంది, చూసుకున్నావా?"

"చూసుకున్నానండి."

ఆమె పెన్నుకు మూత పెట్టి, ఆయన చేతికి ఇవ్వకుండా, తానే ఆయన చొక్కా జేబులో తగిలించింది. ఆయన ముఖం మాడ్చుకుని స్కూటరు తీశారు. ఆ శబ్దం దూరమయ్యాక నన్ను పిలిచింది. నాగమణి అప్పటికే గేటు వైపు నడుస్తోంది. వెనక్కి తిరిగి చూడలేదు.

"నీకు ముందే తెలుసా?"

"తెలుసక్కా."

"వెళ్తావా?"

"నాన్నగారు..."

"మీ నాన్నగారి సంగతి అడగలేదు."

"వెళ్తానక్కా."

తిడుతుందనుకున్నాను. చెంప మీద కొట్టినా బాగుండేది. ఆమె కాసేపు నా కాళ్ళ వంక చూసి, "అక్కడి గ్రౌండ్లు గట్టిగా ఉంటాయి. మన ఇసుకలా ఉండవు. మోకాళ్ళు జాగ్రత్త," అంది. తర్వాత బంతులు ఏరి వలసంచీలో వేసుకోవడం మొదలుపెట్టింది. నేను సాయానికి వంగితే, "వద్దులే, వెళ్ళు," అంది.

జాబితా మీద ఎవరో సంతకం పెట్టారు. మేం రెండు రాత్రులు రైల్లో వెళ్ళాం. రాష్ట్ర జట్టు నీలం జెర్సీ వేసుకుని ఎనిమిది రోజులు బెంచీ మీద కూర్చున్నాను. ఒక్క నిమిషం కూడా ఆడలేదు. ఒక మ్యాచ్‌లో మా ముందువరస అమ్మాయి గోలు ముందు బంతిని పైకి తన్నేసినప్పుడు మా గోలుకీపరు నా వైపు తిరిగి చూసింది. ఇద్దరం ఒక్క పేరే అనుకున్నాం. చివరి రోజు అందరికీ సర్టిఫికెట్లు ఇచ్చారు. నా పేరు అందమైన అక్షరాలతో రాశారు.

తిరిగొచ్చేసరికి వేణక్క మా బడిలో లేదు. ఉత్తర్వు మళ్ళీ ఇవ్వలేదు. హెడ్మిస్ట్రెస్‌గారు గ్రౌండులో సగం సైకిల్ స్టాండుకు వదిలేశారు. నాగమణి కాలేజీ మానేసి, ఆ సార్వా పంటకు వాళ్ళమ్మతో మా పొలంలో నాట్లకు దిగింది. గట్టు మీద నుంచి చూశాను. బురదలో వెనక్కి వెనక్కి అడుగులేస్తూ అందరికంటే ముందు వరస ముగించేది. ఆ నడక నాకు తెలుసు.

డిగ్రీ అయ్యాక ఆటగాళ్ళ కోటాలో నాకు రాజమండ్రిలో ప్రభుత్వ ఆఫీసులో ఉద్యోగం వచ్చింది. చేరిన రెండో ఏడు ఆఫీసు ఆవరణలో మొక్కలు వేయించే పని నాకు అప్పగిస్తే జీపులో కడియం వెళ్ళాను. రోడ్డుకు రెండువైపులా నర్సరీలు. ఒకదాని లోపల, నీడవల కింద, ఆడవాళ్ళు వరసగా కూర్చుని మామిడి అంట్లు కడుతున్నారు. అందరూ గొంతుక్కూర్చున్నారు. ఒకామె మాత్రం కాలు బారచాపుకుని ఉంది. ముఖం చూడకముందే గుర్తుపట్టాను.

యజమాని గట్టిగా పిలిచాడు: "సత్యవేణీ, ఆఫీసరు మేడంగారికి క్రోటన్లు చూపించు."

ఆమె నేల మీద చెయ్యి ఆన్చి, బరువంతా ఎడమకాలి మీద వేసి లేచింది. నా ముందుకొచ్చి నిలబడింది.

"ఏం మొక్కలు కావాలండి?"

"అక్కా, నేను పద్మజని."

"తెలుసండి. ఎండలో ఎందుకు, నీడకి రండి."

అంతకుముందు నా జన్మలో ఆమె నన్ను "మీరు" అనలేదు. అందులో ఎత్తిపొడుపు కూడా లేదు. యజమాని వింటున్నాడు, ఆమె పనిలో ఉంది, నేను జీపులో వచ్చాను. అంతే. క్రోటన్లు, నూరువరహాలు, గన్నేరు వరసగా చూపించింది. వేటికి ఎంత నీళ్ళు పొయ్యాలో చెప్పింది. మొక్కలు జీపు దగ్గరకు మోసుకొచ్చినామె నాగమణి, ఆ ఊరికే కోడలిగా వచ్చిందట. చంకలో పిల్ల, నెత్తిన తట్ట. "బాగున్నారా అమ్మాయిగారూ?" అంది. నేను "బాగున్నాను" అన్నాను. ఆ మాటను దిద్దమని అడగడానికి నాకు నోరు రాలేదు.

యజమాని లోపలికి వెళ్ళాక వేణక్కతో అన్నాను, "ఆ రోజు నేను తప్పు చేశానక్కా."

ఆమె ఒక కుండీలో ఎండుటాకులు గిల్లుతూ, "ఎంతసేపు ఆడారు అక్కడ?" అంది.

"ఆడలేదక్కా."

"ఒక్క మ్యాచైనా?"

"ఒక్క నిమిషం కూడా లేదు."

ఆమె చెయ్యి ఆగింది. అప్పటిదాకా లేని కోపం ఆ ముఖంలోకి వచ్చింది. "ఎనిమిది రోజులు కూర్చున్నావా?" అంది. "దాని చోటు తీసుకుని వెళ్ళినదానివి, కోచ్ కాళ్ళ మీద పడైనా ఆడి రావొద్దటే? అడిగావా అసలు?"

అడగలేదు. ఆ ఎనిమిది రోజుల్లో ఆడించమని నేను ఎవరినీ అడగలేదు. అడగాలని కూడా నాకు తోచలేదు. సర్టిఫికెట్టు వస్తుందని తెలుసు కనుక. ఆ సంగతి నా ముఖంలో చదువుకుంది కాబోలు, ఆమె మళ్ళీ ఆకులు గిల్లడం మొదలుపెట్టింది. "మొక్కలకి వారం రోజులు ఎండ తగలనివ్వకండి," అంది. మళ్ళీ అండి.

తర్వాత రెండుమూడుసార్లు కడియం వైపు వెళ్ళినా ఆ నర్సరీ ముందు జీపు ఆపించలేదు. ఆపితే ఏం మాట్లాడాలో తెలియలేదన్నది ఒక కారణం. వీలుకాలేదన్నది నేను చెప్పుకున్న కారణం. కొన్నేళ్ళకు వేణక్క జ్వరంతో నాలుగు రోజులు పడుకుని పోయిందని మా ఊళ్ళో ఎవరో చెబితే తెలిసింది. అప్పటికే పెద్దకర్మ కూడా అయిపోయింది. పెళ్ళి చేసుకోలేదు, అన్నల ఇంట్లోనే ఒక గదిలో ఉండేది. ఆమె కాయితాలూ పతకాలూ ఉన్న రేకుపెట్టె వరదల్లో నానిపోయిందట. చూపించమని అడిగేవాళ్ళు కూడా ఎవరూ రాలేదని వాళ్ళ వదిన అందట.

ఆఫీసులో నన్ను ఇప్పటికీ "మన ఫుట్‌బాల్ మేడం" అంటారు. ఏటా ఆటల పోటీలు మొదలుపెట్టేటప్పుడు మొదటి బంతి నాచేతే తన్నిస్తారు. అందరూ చప్పట్లు కొడతారు. నేను నవ్వుతాను. ఇన్నేళ్ళలో ఒక్కరికీ అసలు సంగతి చెప్పలేదు, మా ఆయనకు కూడా.

మా అమ్మాయికి ఇప్పుడు పద్నాలుగేళ్ళు. నేను వద్దనలేదు, చేరమనలేదు, తనంతట తానే ఫుట్‌బాల్‌లో చేరింది. ఈ ఏడు జిల్లా జట్టులో దాని పేరు రాలేదు. మా ఆయన, "నీకు ఆ సంఘంలో తెలిసినవాళ్ళున్నారుగా, ఒక్క మాట చెప్పరాదూ?" అన్నారు. చెప్పనన్నాను. అది మంచితనమో, ఆ గుమ్మం తొక్కితే నా పాత కాగితం ఎవరికైనా గుర్తొస్తుందన్న భయమో, నాకే సరిగ్గా తెలియదు. పిల్ల ఏడ్చి ఏడ్చి, కళ్ళు తుడుచుకుని, నా వంక తిరిగి అంది:

"నీకేం తెలుస్తుందమ్మా, పేరు తీసేస్తే ఎలా ఉంటుందో. నువ్వు ఆడి వచ్చినదానివి."

వేణక్క అయితే ఆ పిల్లకు అప్పుడే నిజం చెప్పేసేది, రెండు ముక్కల్లో. నేను దానికి అన్నం పెట్టి, జడ విప్పి, తల దువ్వాను. చెప్పవలసింది నోటిదాకా వచ్చింది. ఇంకా అక్కడే ఉంది.